మూడు రోజుల్లో నల్లార్బర్ దాటేద్దామంటున్నారు మావారు!

ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నుంచి ఒక సోదరి రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేరు రాయవద్దన్నారు. భర్త, తొమ్మిదేళ్ల పాప, అయిదేళ్ల బాబు, మే నెలలో తెనాలి నుంచి వచ్చిన అత్తమామలు... ఇంట్లో మొత్తం ఆరుగురు. మరిది పెర్త్‌లో ఉంటాడు. జూలై బడి సెలవుల్లో అందరం కారులోనే నల్లార్బర్ మైదానం మీదుగా పెర్త్ వెళ్దామని భర్త నిర్ణయించేశారు. ఏడు సీట్ల ఎస్‌యూవీ ఉంది. రెండు టెంట్లు, ఒక గ్యాస్ స్టవ్వు కొనడం కూడా అయింది. వెళ్లడానికి మూడు రోజులు, మరిది ఇంట్లో వారం, రావడానికి మూడు రోజులు అని ఆయన లెక్క. రాత్రుళ్లు రోడ్డు ఖాళీ, పిల్లలు నిద్రపోతారు, అలా లాగించేయొచ్చంటారట. ఆయన స్నేహితుడొకరు రెండు రోజుల్లోనే వెళ్లారట.

మామగారికి 67 ఏళ్లు. షుగరు, రోజుకు రెండు పూటలా ఇన్సులిన్. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. నేల మీద కూర్చోలేరు, బయటి తిండి ముట్టరు. ఉత్తరం రాసిన సోదరికి లైసెన్సు ఉంది కానీ ఊళ్లో తప్ప నడపలేదు. ఏదైనా అంటే "నీకన్నీ భయాలే" అంటారట భర్త. పెద్దవాళ్లేమో "మీ ఇష్టం నాయనా" అని ఊరుకుంటున్నారు. వెళ్లడం క్షేమమేనా, అత్తమామల్ని ఆపాలా, తిండి సంగతేమిటి, గొడవ కాకుండా భర్తకు ఎలా చెప్పాలి అన్నవి ఆమె ప్రశ్నలు. మధ్యలో ఒక్క వాక్యం, మాటవరసకన్నట్టు రాశారు: ఆ దారిలోని బల్లడోనియాలో, 1979లో కూలిన అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ ముక్కలు ఉన్నాయని మామగారు యూట్యూబ్‌లో చూశారట, అప్పటినుంచి మనవలకు రోజూ ఆ కథే చెబుతున్నారట.

సమాధానం:

మీ భయం అర్థం లేనిది కాదు. అయితే అది అసలు చోటును వదిలేసి మొత్తం ప్రయాణం మీద పడింది. ఆ మైదానం దాటించే ఏర్ హైవే ఇవాళ ప్రమాదకరమైన దారేం కాదు. 1976కే చివరి ముక్కతో సహా తారు పడింది. దాని తూర్పు కొస పోర్ట్ ఆగస్టా నుంచి పడమటి కొస నార్స్‌మన్ దాకా ఏటా ఎన్నో కుటుంబాలు, కారవాన్లు వేసుకున్న పెద్దవయసు దంపతులు దాటుతూనే ఉన్నారు. పెట్రోలు దొరకదన్న బెంగ కూడా అక్కర్లేదు. దారి పొడవునా పెట్రోలు, తిండి, గదులు దొరికే రోడ్‌హౌస్‌లు ఉన్నాయి. రోడ్‌హౌస్‌ల మధ్య అతి పెద్ద ఖాళీ సుమారు 190 కిలోమీటర్లే. మీ కుటుంబానికి ప్రమాదం తెచ్చేది ఆ "మూడు రోజులు" అన్న లెక్క. దాన్ని ఒక్కసారి కాగితం మీద వేసి చూడండి.

అడిలైడ్ నుంచి పెర్త్ దాదాపు 2,700 కిలోమీటర్లు. మూడు రోజులంటే రోజుకు 900. వేగ పరిమితి 110 అయినా, ఆరుగురితో, సామాన్లతో నిండిన బండి సగటు గంటకు 90 దాటదు. అంటే స్టీరింగ్ మీదే పది గంటలు. పెట్రోలు, బాత్రూమ్‌లు, భోజనాలు, మామగారి ఇంజెక్షన్, బాబు మారాం, అన్నీ కలిపి ఇంకో మూడు గంటలు వేసుకోండి. జూలైలో అక్కడ పగలు పది గంటలకు కాస్త పైన, అంతే. కాబట్టి ఈ లెక్కలో రోజూ మూడు గంటలు చీకట్లో నడపాల్సిందే. అది కూడా డ్రైవరు బాగా అలిసిపోయాక వచ్చే మూడు గంటలు.

రోడ్డు ఖాళీగా ఉంటుందన్నది సగం నిజం. సందెవేళ, తెల్లవారుజామున కంగారూలు, వోంబాట్లు, ఒంటెలు మేతకు బయటికొచ్చేది ఆ రోడ్డు అంచులకే. కంగారూ ఎటు దూకుతుందో చెప్పలేం. వోంబాట్ పొట్టిదే కానీ బండరాయిలా ఉంటుంది, బంపరు కింద పడితే బండి అదుపు తప్పుతుంది. ఒంటెది వేరే సమస్య. లైట్ల వెలుగు దాని సన్నటి కాళ్ల మీద పడుతుంది, ఒళ్లు పైన చీకట్లో కలిసిపోతుంది. గుద్దితే కాళ్లు విరిగి, ఆ బరువంతా నేరుగా అద్దం మీదికి వస్తుంది. దగ్గరలో ఉన్న ఆసుపత్రి ఏ మూడు నాలుగు వందల కిలోమీటర్ల అవతలో ఉండే చోట ఇది. మైదానానికి తూర్పున ఉన్న సెడూనా ఊరు దాటాక దారిలో మళ్లీ ఆసుపత్రి అంటే నార్స్‌మన్‌లోనే. మధ్యలో సుమారు 1,200 కిలోమీటర్లు.

ఇంకొకటి మీవారు గమనించి ఉండకపోవచ్చు. పడమటికి వెళ్తుంటే మధ్యాహ్నం మూడున్నర నుంచి ఎండ సూటిగా కళ్లలో పడుతుంది. పైగా గడియారం. దక్షిణ ఆస్ట్రేలియా కంటే పశ్చిమ ఆస్ట్రేలియా జూలైలో గంటన్నర వెనక. సరిహద్దు దగ్గర బోర్డర్ విలేజ్, యూక్లా, మడూరా లాంటి చోట్ల ఈ రెండింటికీ నడుమ ముప్పావు గంట తేడాతో సొంత సమయం పాటిస్తారు. ఇంకాస్త పడమటి మజిలీ కైగూనా దగ్గరికొచ్చేసరికి పెర్త్ సమయం ప్రకారం సాయంత్రం అయిదు కాకుండానే పొద్దు కుంకుతుంది. ఫోను చూసి "ఇంకా నాలుగే కదా" అనుకుంటే నట్టనడి మైదానంలో చీకటి పడుతుంది. రోడ్‌హౌస్ వంటగది, పెట్రోలు పంపు ఎప్పుడు మూస్తారో అక్కడి గంటల ప్రకారమే అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. ఏది ఎంచుకోవాలన్నది మీ ఇంట్లో నలుగురూ కూర్చుని తేల్చాల్సిన సంగతి.

మీవారు చెప్పినట్టే మూడు రోజుల్లో వెళ్లడం ఒకటి. ఇద్దరు అలవాటైన డ్రైవర్లు, జంతువు గుద్దినా కాచే ఇనప చట్రం (బుల్ బార్) ముందు ఉన్న బండి, పిల్లలూ పెద్దలూ లేకపోతే కుదిరే పద్ధతి అది. ఆయన స్నేహితుడు ఎలా, ఎవరితో వెళ్లాడో అడగండి. మీకున్నది ఒక డ్రైవరు, వెనక అయిదుగురు. ఈ దారి నేను మీకు చెప్పలేను.

రెండోది అందరూ రోడ్డు మీదే, కానీ ఏడు రోజుల్లో. మొదటిరోజు కింబా, 465 కిలోమీటర్లు. రెండోరోజు సెడూనా, 310. మూడోరోజు తిమింగలాలు కనిపించే తీరం హెడ్ ఆఫ్ బైట్ చూసుకుని నల్లార్బర్ రోడ్‌హౌస్, పక్కదారితో కలిపి 320 దాకా. నాలుగోరోజు సరిహద్దు, యూక్లా మీదుగా మడూరా, 380. అయిదోరోజు బల్లడోనియా, 340. ఆరోరోజు నార్స్‌మన్ మీదుగా కూల్‌గార్డీ, 360. ఏడోరోజు పెర్త్, 560. ఆ చివరిరోజు తప్ప మిగతావన్నీ ఉదయం ఎనిమిదిన్నరకు బయల్దేరి మధ్యాహ్నం మూడున్నర, నాలుగుకల్లా బండి ఆపేసే రోజులు. కష్టమల్లా సెలవులు రెండు వారాలే కావడం. రానూపోనూ ఇలాగే అయితే పెర్త్‌లో ఉండటానికి రోజులు మిగలవు. అందుకని తిరుగు ప్రయాణం విడదీయండి. మీరు, పిల్లలు, అత్తమామలు విమానంలో వచ్చేయండి, మూడున్నర గంటల లోపు ప్రయాణం. బండిని మరిదితోనో స్నేహితుడితోనో మీవారు వెనక్కి తేవచ్చు, అప్పుడు కూడా పగటిపూటే. లేదా ట్రక్కు మీద కార్లు చేరవేసే వాళ్లకు అప్పగించవచ్చు. అయిదు టికెట్ల ఖర్చు తప్పదు. కానీ రానూపోనూ పెట్రోలు, గదులు, తిండి అన్నీ వేస్తే రోడ్డు చవక అనుకోవడం కూడా సరి కాదు. మైదానం మధ్యలో పెట్రోలు ధర ఊళ్లకంటే బాగా ఎక్కువ. ఎదురుగాలి వీచే రోజున బండి తాగేది కూడా ఎక్కువే.

మూడోది, పెర్త్ వదిలేసి హెడ్ ఆఫ్ బైట్ దాకా వెళ్లి వెనక్కి రావడం. రానూపోనూ సుమారు 2,200 కిలోమీటర్లు, ఎనిమిది రోజుల్లో హాయిగా అవుతుంది. మైదానం, కొండ అంచు, తిమింగలాలు అన్నీ చూస్తారు. సదరన్ రైట్ తిమింగలాలు చలికాలంలో పిల్లలు పెట్టడానికి ఆ తీరానికే వస్తాయి. జూలై, ఆగస్టు నెలల్లో తల్లీపిల్లా గట్టు కిందే ఈదుతూ కనిపిస్తాయి. మీ పిల్లల వయసుకు ఇంతకంటే మంచి చోటు ఆ దారిలో లేదు. పెర్త్‌కు తర్వాత విమానంలో వెళ్లొచ్చు. దీంట్లో పోయేది బల్లడోనియా.

బల్లడోనియా దగ్గర నేను ఆగుతాను. "వాళ్లు కాదనలేక ఊరుకుంటున్నారు" అని రాశారు మీరు. మీ అత్తగారి విషయంలో అది నిజం కావచ్చు. మామగారి విషయంలో నాకు అలా అనిపించలేదు. 1979 జూలై నాటికి ఆయనకు ఇరవయ్యేళ్లు దాటి ఉంటాయి. స్కైలాబ్ మన నెత్తినే పడుతుందని ఊళ్లకు ఊళ్లు హడలిపోయి, ఎలాగూ పోతాం కదా అని కోళ్లూ మేకలూ కోసుకు తిన్న రోజులు ఆయన కళ్లారా చూసి ఉంటారు. అది చివరికి పడింది ఇక్కడ, దక్షిణ తీరపు ఊరు ఎస్పరెన్స్ నుంచి బల్లడోనియా వైపు. చెత్త పడేశారంటూ ఎస్పరెన్స్ స్థానిక పాలకమండలి నాసాకు 400 డాలర్ల జరిమానా కూడా రాసింది. బల్లడోనియా రోడ్‌హౌస్‌లో చిన్న మ్యూజియం ఉంది. ఆయనకు వెళ్లాలని ఉందేమో! కొడుకు ముందు కోడలి మాట తీసేసినట్టు అవుతుందని "మీ ఇష్టం" అంటున్నారేమో! ఆపాలా వద్దా అని మీరే తేల్చకుండా ఆయన్నీ అత్తగారినీ విడివిడిగా అడగండి. "వస్తారా" అని అడిగితే "సరే" అంటారు. "రోజుకు ఆరేడు గంటలు కారులో కూర్చోవడం మోకాళ్లకు ఎలా ఉంటుంది అత్తయ్యా, లేకపోతే విమానంలో వెళ్లి మరిదిగారింట్లో మాకోసం ఎదురుచూస్తారా" అని అడిగితే అసలు మాట వస్తుంది. మామగారు రోడ్డు మీద, అత్తగారు బాబుతో కలిసి విమానంలో అన్నది నాలుగో దారి. అప్పుడు బండిలో నలుగురే ఉంటారు. మూడో వరస సీటు మడిచేయొచ్చు. దీన్ని తేలిగ్గా తీసుకోకండి, ఎందుకో చెబుతాను.

ఏడు సీట్ల బండిలో ఆరుగురు కూర్చుంటే డిక్కీ ఉండదు. పైకప్పు మీద చాలా బండ్లకు 75 నుంచి 100 కిలోలే హద్దు, అందులో ర్యాక్ బరువు కూడా కలిపే. బండి మొత్తం మోయగల బరువు మాన్యువల్‌లో ఉంటుంది. చాలావాటికి 600 నుంచి 700 కిలోల మధ్య. మీ ఆరుగురే 320 కిలోల దాకా ఉంటారు. నీళ్లు 60, ఫ్రిజ్ 25, టెంట్లు, మంచాలు, పరుపులు, దుప్పట్లు 80, వంటసామాను, తిండి 60, బట్టలు 60... 600 దాటేశారు. ఎక్కువ బరువు మోసే బండికి బ్రేకు ఆలస్యంగా పడుతుంది, టైరు వేడెక్కి పగులుతుంది. పైకప్పు మీద బరువుంటే గాలికి ఊగుతుంది. వెళ్లే ముందు వారం సామానంతా సర్ది, అందరూ ఎక్కి, లారీలను తూచే కాటా మీద ఒకసారి నిలబెట్టండి. ఎక్కువైతే ఇంట్లో వదిలేసేది ఏమిటో అప్పుడే తెలుస్తుంది.

టైరు సంగతి ఇంకా ముఖ్యం. మీ బండి స్పేరు టైరు మామూలు సైజుదా, సన్నటిదా చూడండి. సన్నటిదైతే దాని మీదే రాసి ఉంటుంది, 80 కిలోమీటర్ల వేగం దాటకూడదని. 190 కిలోమీటర్ల ఖాళీలో ఆ టైరుతో వెళ్లడం మంచిది కాదు. పూర్తి సైజు చక్రం ఒకటి సంపాదించుకోండి. చాలా ఎస్‌యూవీలలో స్పేరు డిక్కీ కింద గొలుసుకు వేలాడుతుంది. దాన్ని దించడానికి డిక్కీ నేలలో ఉన్న చిన్న రంధ్రంలో ఇనప కడ్డీ దూర్చి తిప్పాలి. ఆ రంధ్రం మీద మీరు ఫ్రిజ్ పెడితే, టైరు పోయిన రోజున సామానంతా రోడ్డు పక్కన దించాల్సి వస్తుంది. ఇంటి ముందు ఒక్కసారి మీరూ మీవారూ కలిసి చక్రం విప్పి బిగించండి. ఎయిర్ గన్‌తో బిగించిన నట్లు చేతి స్పానరుకు రావు, పొడవాటి రెంచ్ కావాలి. జాకీ కింద పెట్టడానికి చెక్కముక్క, పంక్చరు కిట్, 12 వోల్టుల గాలిపంపు ఉంచుకోండి. డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద నిండు బరువుకు ఎంత గాలి ఉండాలో ఉంటుంది, పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు కొట్టించండి. పాత మట్టిరోడ్డు మీదుగా గుహలు చూద్దామన్న ఆలోచన మీవారికి వస్తే దాన్ని మాత్రం గట్టిగా ఆపండి. ఆ సున్నపురాయి అంచులు టైరు పక్కగోడను కోసేస్తాయి. గోడ కోసుకుపోతే అతుకు పడదు.

ఆ మైదానం అంతా ఒకే సున్నపురాయి పలక, దాదాపు 2,00,000 చదరపు కిలోమీటర్లు. వాన పడినా నీళ్లు పగుళ్లలోంచి కిందికి దిగిపోతాయి. పైన వాగూ చెరువూ ఉండవు, కింద ఉన్నవి ఉప్పునీళ్లు. అందుకే రోడ్‌హౌస్‌లలో కుళాయి తిప్పి డబ్బాలు నింపుకోనివ్వరు, తాగే నీళ్లు కొనుక్కోవాలి. సెడూనాలో మూడు 20 లీటర్ల డబ్బాలు నింపుకోండి. ఆరుగురికి చలికాలంలో తాగడానికి, వంటకు రెండు రోజులు సరిపోతాయి. వాటిని ముట్టకుండా దాచి, రోజువారీ నీళ్లు కొనుక్కుంటూ పోండి. డబ్బాలు పైకప్పు మీద వద్దు, బండి లోపల, కింద, సీటుకు ఆనించి కట్టండి. అదే మైదానంలో 2019 డిసెంబరు 19న 49.9 డిగ్రీలు నమోదైంది. ఎండాకాలంలో ఈ లెక్క వేరు. జూలైలో వెళ్తున్నందుకు మీవారిని మెచ్చుకోవాలి.

జూలైలో ఇబ్బంది చలి. రాత్రి అయిదు డిగ్రీలకు, ఒక్కోసారి సున్నా దగ్గరికి వస్తుంది. గాలితో నింపే పరుపు మీద పడుకుంటే లోపలి గాలి చల్లబడి వీపు గడ్డకడుతుంది. దాని మీద మందపాటి ఫోమ్ పరచాలి. అత్తగారు వస్తే ఆమెకు ఎత్తుగా ఉండే మడతమంచం కావాలి. నేలబారు పరుపు మీంచి ఆ మోకాళ్లతో లేవలేరు. టెంటుతో వచ్చే సన్నటి మేకులు ఆ రాతినేలలో వంగిపోతాయి. లావుపాటి ఉక్కు మేకులు, మంచి సుత్తి కొనుక్కోండి. దక్షిణపు గాలి జోరుగా వీస్తుంది, బండిని గాలికి అడ్డంగా నిలిపి దాని చాటున టెంటు వేయండి. ఎంత చలేసినా టెంటు లోపల స్టవ్వు వెలిగించొద్దు, తలుపు తీసిపెట్టినా సరే. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే పోతారు. ఇక బ్యూటేన్ డబ్బాతో పనిచేసే స్టవ్వు కొని ఉంటే, ఆ గ్యాసు సున్నా దగ్గర సరిగా ఆవిరి కాదు, తెల్లవారుజామున మంట చచ్చిపోతుంది. ఎల్‌పీజీ సిలిండరు స్టవ్వు నయం.

నా సలహా అడిగితే ప్రతి రాత్రీ టెంటు వద్దు. నల్లార్బర్ రోడ్‌హౌస్, మడూరా, బల్లడోనియాలలో మోటెల్ గదులున్నాయి, పక్కనే టెంట్లు వేసుకునే చోటూ ఉంది. పెద్దవాళ్లకు గది, మీ నలుగురికి టెంటు అనుకుంటే అందరికీ వేడినీళ్లు, సరైన బాత్రూమ్ దొరుకుతాయి, పిల్లలకు క్యాంపింగ్ సరదా కూడా తీరుతుంది. గదులు కొద్దిగానే ఉంటాయి, బడి సెలవులు కాబట్టి ఇప్పుడే ఫోన్ చేయండి. దారిపక్క ఉచితంగా ఆగే రెస్ట్ ఏరియాలు చాలావాటిలో మరుగుదొడ్డి ఉండదు. అత్తగారి కోసం మడిచే కమోడ్ కుర్చీ, చిన్న గుడారం పెట్టుకోండి. ఇది సిగ్గుపడి వదిలేసే విషయం కాదు. బాత్రూమ్‌కు భయపడి పెద్దవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు, షుగరున్న మామగారికి అది ఇంకా చెడు.

మామగారి ఇన్సులిన్‌కు కావాల్సిన దానికి రెట్టింపు తీసుకుని రెండు చోట్ల పెట్టండి. సగం కారు ఫ్రిజ్‌లో, సగం మీ చేతిసంచిలో. వాడుతున్న పెన్ను 30 డిగ్రీల లోపు ఉంటే సాధారణంగా నాలుగు వారాల దాకా బయట ఉండొచ్చు. మీ మందు కాగితంలో ఏముందో అదే పాటించండి. జూలైలో వేడికంటే గడ్డకట్టడం పెద్ద ప్రమాదం. కారు ఫ్రిజ్ గోడకు ఆనిన పెన్ను గడ్డకడితే మళ్లీ కరిగినా పనికిరాదు. చిన్న టవల్లో చుట్టి మధ్యలో పెట్టి, లోపల థర్మామీటరు ఉంచి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉందో లేదో చూస్తుండండి. రాత్రి టెంటులో గ్లూకోమీటరు చల్లబడితే తప్పు చూపవచ్చు, జేబులో వెచ్చబెట్టి వాడాలి. గంటన్నర సమయం మారుతుంది కాబట్టి డోసు వేళలు ఎలా జరపాలో వెళ్లేముందే డాక్టరుతో రాయించుకోండి. ఇంజెక్షన్ వేసుకున్నాక "ఇంకో అరగంటలో రోడ్‌హౌస్ వస్తుంది, అక్కడ తిందాం" అనడం కుదరదు. అన్నం చేతిలో ఉన్నాకే సూది. గ్లూకోజ్ బిళ్లలు ఆయన జేబులో, ముందు సీటు అరలో, రెండు చోట్లా ఉండాలి. అత్తమామల విజిటర్ ఇన్సూరెన్స్‌లో పాత జబ్బులు, అంబులెన్సు ఖర్చు ఉన్నాయో లేదో చదవండి. మారుమూల రోగుల కోసం వచ్చే ఫ్లయింగ్ డాక్టర్ విమానాలు దిగడానికి ఆ హైవే మీదే కొన్నిచోట్ల గుర్తులు గీసి ఉంటాయి. పిల్లలు చూసి అడుగుతారు, చెప్పండి.

అత్తగారి వంట సంగతికి వస్తే, సరిహద్దు తనిఖీ ముందే తెలుసుకోవాలి. పడమటికి వెళ్లేటప్పుడు బోర్డర్ విలేజ్‌లో ప్రతి బండీ ఆపి చూస్తారు. పండ్లు, కూరగాయలు, తేనె, మొక్కలు, విత్తనాలు, మట్టి అంటిన సామాను దాటనివ్వరు. అంటే ఉల్లి, బంగాళాదుంప, పచ్చిమిర్చి, కరివేపాకు, కొత్తిమీర అన్నీ పోతాయి. దాచిపెట్టి దొరికితే జరిమానా. వండిన కూరలకు సాధారణంగా ఇబ్బంది ఉండదు. కాబట్టి మూడో రాత్రి నల్లార్బర్ రోడ్‌హౌస్ దగ్గర మిగిలిన కూరగాయలన్నీ వండేయండి. ఉల్లిపాయలు వేయించి డబ్బాకెత్తితే ఉప్మాకు, పప్పుకు అయిదు రోజులు ఆదుకుంటాయి. ఆవాలు, మెంతులు, ధనియాలు విత్తనాలే కాబట్టి అధికారికి చూపించి అడగండి. వేయించి పొడి కొట్టినవి తీసుకెళ్తే తలనొప్పి తక్కువ. సరిహద్దు దాటాక నార్స్‌మన్ దాకా 720 కిలోమీటర్లు తాజా కూరగాయలు దొరుకుతాయన్న ఆశ పెట్టుకోవద్దు. ఆ రోజులకు పులిహోర గుజ్జు, కందిపొడి, కరివేపాకు పొడి, ఆవకాయ, గోంగూర పచ్చడి, నెయ్యి, పెసరపప్పు, ఉప్మా రవ్వ, ఎక్కువకాలం నిలవ ఉండే పాల డబ్బాలు చాలు. చిన్న కుక్కరు తప్పనిసరి, నీళ్లూ గ్యాసూ సగం మిగులుతాయి. తిరిగి తూర్పుకు రోడ్డు మీద వచ్చేవాళ్లను పండ్లు, కూరగాయల కోసం సెడూనాలో తనిఖీ చేస్తారు.

రోడ్డు మీద మిగతా జాగ్రత్తలు మీవారికి తెలిసే ఉంటాయి, రెండు మాత్రం చెబుతాను. అక్కడి రోడ్ ట్రెయిన్లు, అంటే వరసగా ట్రెయిలర్లు తగిలించిన లారీలు, 36.5 మీటర్ల పొడవుంటాయి. దాటాలంటే కిలోమీటరున్నర ఖాళీ కనిపించాలి. అది మిమ్మల్ని దాటుతుంటే వేగం పెంచొద్దు, సడన్ బ్రేకు వేయొద్దు, మీ వరసలో నిలకడగా పోండి. చేతి యూహెచ్ఎఫ్ రేడియో ఉంటే 40వ ఛానెల్లో ఆ డ్రైవర్లే దారి ఉందో లేదో చెబుతారు. జంతువు అడ్డం వస్తే బ్రేకు వేయండి, స్టీరింగ్ తిప్పొద్దు. తిప్పినప్పుడే బండ్లు పల్టీ కొడతాయి.

ఫోన్ సిగ్నల్ రోడ్‌హౌస్‌ల దగ్గర ఉంటుంది, మధ్యలో పోతుంది. ఒక్కరి దగ్గరైనా టెల్‌స్ట్రా సిమ్ ఉంచుకోండి. ఆపదలో ఉపగ్రహం ద్వారా మీరున్న చోటు సహాయక దళాలకు తెలిపే 406 మెగాహెర్ట్జ్ అత్యవసర బీకన్ కొనొచ్చు, అద్దెకూ దొరుకుతుంది. కొంటే మీ పేరుమీద రిజిస్టరు చేయించుకోవాలి, దానికి డబ్బు కట్టక్కర్లేదు. ఐఫోన్ 14, ఆ తర్వాత వచ్చిన మోడళ్లలో ఉపగ్రహం ద్వారా అత్యవసర సందేశం పంపే వీలుంది. బండి చెడితే బండి దగ్గరే ఉండాలి, నడిచి వెళ్లొద్దు. మరిదికి రోజూ ఎక్కడ బయల్దేరుతున్నారో, ఎక్కడ ఆగుతున్నారో, ఏ వేళకు ఫోన్ రాకపోతే ఎవరికి చెప్పాలో రాసిచ్చి వెళ్లండి. హెడ్ ఆఫ్ బైట్ నుంచి పడమటికి సాగే బండా తీరంలో కొండ అంచు 60 నుంచి 120 మీటర్ల ఎత్తు. కింద సముద్రం తొలిచేసి ఉంటుంది, పైన నిలబడితే అది తెలియదు. కంచె దాటకండి, బాబు చెయ్యి వదలకండి.

ఇక మీవారితో మాట. "భయంగా ఉంది" అని మొదలుపెడితే "నీకన్నీ భయాలే" దగ్గరే ఆగిపోతుంది. ఆయన్ని ఆపడానికి కాకుండా, ఆయన అనుకున్నది జరిపించడానికి వచ్చినట్టు కూర్చోండి. నాన్నకు బల్లడోనియా చూపించాలన్నది ఆయన కోరిక కూడా అయి ఉంటుంది. "రోజుకు 900 అంటే పది గంటలు డ్రైవింగ్, మూడు గంటలు ఆగడం, పగలు పది గంటలే. ఆ మూడు గంటల చీకటిని ఎలా తీసేద్దాం" అని కాగితం ముందు పెట్టి ఆయన్నే అడగండి.  ఆయన లెక్క తప్పని మీరు చెప్పక్కర్లేదు, కాగితమే చెబుతుంది. మీరు కూడా ఒకటి ఇవ్వండి. వచ్చే రెండు శనివారాలు పోర్ట్ ఆగస్టా దారిలో మీరు నడపండి, ఆయన పక్కన కూర్చుంటారు. రెండో డ్రైవరు తయారైతే రెండు గంటలకోసారి మారొచ్చు, "అన్నీ నేనే చేయాలి" అన్న బరువూ ఆయన మీద తగ్గుతుంది.

అప్పటికీ మూడు రోజులే అని పట్టుబడితే, మీరు ఒక్కటి స్పష్టంగా చెప్పొచ్చు: "చీకటి పడ్డాక పిల్లలూ నేనూ ఆ బండిలో ఉండం. విమానంలో వెళ్లి అక్కడ కలుస్తాం." ఇది అలగడం కాదు. సంవత్సరాలుగా రోడ్‌హౌస్‌లు నడిపేవాళ్లు కూడా సందెవేళ దాటితే బయల్దేరొద్దనే చెబుతారు. ఆ మాట మీరు చెప్పడం కంటే మరిదితో చెప్పించడం తేలికనిపిస్తే, ఈ రాత్రే ఆయనకు ఫోన్ చేయండి. గదులు బుక్ చేయడానికి ముందు ఆయన మాట కూడా కలవాలి.